మనోడైతే మనసు పెడతాడా?

నారాయణఖేడ్ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా పొద్దెక్కినా బడి తాళం తియ్యకపోతే, దవాఖానలో డాక్టరు కుర్చీ ఖాళీగా కనబడితే, రచ్చకట్ట మీద ఒక మాట వినిపిస్తుంది. "పట్నం నుంచి వచ్చేటోళ్లకు మన గోస ఏం తెలుస్తది? మనోడైతే ఇట్ల చేస్తడా?" నారాయణఖేడ్ ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే తూర్పు కొసన పటాన్‌చెరు ఉంది. అక్కడి ఫ్యాక్టరీ గేట్ల దగ్గర కార్మికులను కుదిర్చే కాంట్రాక్టర్లను అడిగితే సరిగ్గా తిరగేసిన మాట చెబుతారు. "లోకల్ వాళ్లు వద్దండీ. పండగొస్తే రారు, పెళ్లొస్తే రారు. ఒడిశా వాళ్లో బిహార్ వాళ్లో అయితే చెప్పిన టైముకు షిఫ్టులో ఉంటారు." ఒకే జిల్లాలో ఒక కొసన స్థానికుడే పనిమంతుడు, రెండో కొసన స్థానికుడే పనిదొంగ. మనిషి పుట్టిన చోటు, పెరిగిన ఇల్లు, మాట్లాడే భాష, పెళ్లి, పిల్లలు అతడు పని మీద పెట్టే మనసును ఎంతవరకు నిర్ణయిస్తాయన్నది ఈ ప్రసంగంలో నేను పట్టించుకోదలచిన ప్రశ్న. నేను చెప్పబోయేది ముందే చెప్పేస్తాను. నేపథ్యం ఉద్యోగి మనసును నిర్ణయిస్తుందనడానికి ఆధారాలు బలహీనం. ఒక చోట పనిచేయడానికి అతడికి ఎంత ఖర్చవుతుందో మాత్రం నేపథ్యమే నిర్ణయిస్తుంది. ఆ ఖర్చు ఎవరు భరించాలో తేల్చకుండా మనం అతడి పుట్టుకను తప్పు పడుతున్నాం.

పటాన్‌చెరు మాట నుంచే మొదలుపెడదాం. ఖేడ్ అని పిలుచుకునే నారాయణఖేడ్, కంగ్టి, మనూరు, నాగల్‌గిద్ద మండలాల నుంచి, ముఖ్యంగా తండాల నుంచి, ఏటా వేల కుటుంబాలు చెరకు కొట్టడానికి, హైదరాబాదులో భవనాల పనికి వలస పోతాయి. అక్కడి మేస్త్రీలు వీళ్లను గట్టి పనివాళ్లనే అంటారు. సొంత జిల్లా ఫ్యాక్టరీ గేటు దగ్గర నమ్మరానివాడైనవాడు, జిల్లా దాటి పోగానే కష్టజీవి ఎలా అయ్యాడు? మనిషి మారలేదు. ఊళ్లో ఉన్నప్పుడు అతడికి ఒక ఎకరం చేను ఉంది, ముసలి తల్లి ఉంది, పాలివాళ్లింట్లో చావుంటే పోవాల్సిన బాధ్యత ఉంది. వలస పోయిన చోట ఒక రేకుల షెడ్డు, అడ్వాన్సు తీసుకున్న అప్పు తప్ప ఏమీ లేవు. ఒడిశా నుంచి వచ్చి పటాన్‌చెరులో ఆరుగురితో ఒకే గదిలో ఉంటున్న కుర్రాడి సంగతీ ఇంతే. అతడు తన ఊరికి పోయిన రోజున అతడే అక్కడ పండగకు సెలవు పెట్టే 'లోకల్' అవుతాడు. జాన్ మేయర్, నటలీ అలెన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1991లో ఉద్యోగుల నిబద్ధతను మూడుగా విడదీశారు. పని నచ్చి నిలిచేది ఒకటి, వదిలితే నష్టపోతానని నిలిచేది ఒకటి, వదలడం ధర్మం కాదని నిలిచేది ఒకటి. వలస కార్మికుడి హాజరు పట్టికలో కాంట్రాక్టరు చూసి మెచ్చుకునేది చాలామట్టుకు రెండోది. దాన్ని అంకితభావమని పిలవడం ఆ కార్మికుడికి గౌరవం ఇచ్చినట్టూ కాదు, స్థానికుడికి న్యాయం చేసినట్టూ కాదు.

ఇక ఖేడ్ మాటకు వద్దాం. ఇది బరువైన మాట, దీని వెనక నూరేళ్ల చరిత్ర ఉంది. నిజాం దివాను సాలార్‌జంగ్ కాలం నుంచీ ఉత్తరాది అధికారులు హైదరాబాదు కొలువుల్లోకి రావడం మీద ఇక్కడివాళ్లకు అసంతృప్తి ఉండేది. 1919లో నిజాం ఫర్మానాతో ముల్కీ నిబంధనలు వచ్చాయి. ఈ నేల మీద పుట్టి ఉండాలి, లేదా పదిహేనేళ్లు నివసించి ఉండాలి, అప్పుడే సర్కారు నౌకరీ. 1952లో దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో బయటివాళ్లు ఉద్యోగాల్లో, ముఖ్యంగా టీచరు పోస్టుల్లో, చేరుతున్నారని విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, 1973 ఆరు సూత్రాల పథకం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 డిసెంబరు 30న వచ్చిన 610 జీవో, ఇవన్నీ ఆ వరసలోనివే. ఈ పోరాటాల్లో ఎప్పుడూ రెండు వాదాలు కలిసి నడిచాయి. మా పన్నులతో నడిచే కొలువుల్లో మా పిల్లలకు వాటా కావాలన్నది మొదటిది. మావాళ్లయితే మమ్మల్ని బాగా చూసుకుంటారన్నది రెండోది. మొదటిది న్యాయానికి సంబంధించిన వాదం, దానికి రుజువులు అక్కర్లేదు. రెండోది అనుభవానికి సంబంధించిన వాదం. దాన్ని పరీక్షించి చూడొచ్చు, చూడాలి కూడా. మొదటి వాదానికి ఉన్న బలంతో రెండోది కూడా నిలబడిపోయిందని నాకు అనిపిస్తుంది.

అసలు 'మనోడు' ఎవరో ఖేడ్‌లో నిలబడి తేల్చడం ఎంత కష్టమో చూడండి. 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో మెదక్ జిల్లాకు వచ్చింది. 2016 అక్టోబరులో జిల్లాలు చీలినప్పుడు సంగారెడ్డి జిల్లాలోకి చేరింది. అంటే 1955లో బీదర్‌లో చదివి ఖేడ్ బడికి పంతులుగా వచ్చినవాడు సొంత జిల్లావాడు. రెండేళ్లు తిరిగేసరికి అతడి తమ్ముడు పరాయి రాష్ట్రంవాడు. ఇప్పటికీ ఖేడ్ జనం వైద్యానికి, బజారుకు బీదర్ పోతారు, పెళ్లి సంబంధాలూ అటు కలుపుకుంటారు. హైదరాబాదు కంటే అది దగ్గర. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం చూస్తే, ఒకటి నుంచి ఏడో తరగతి లోపు కనీసం నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకు స్థానికుడు. జిల్లా పోస్టుల్లో 95 శాతం వాళ్లకే. కాబట్టి సంగారెడ్డి జిల్లాలోనే ఉన్నా హైదరాబాదు శివార్లలో కలిసిపోయిన అమీన్‌పూర్‌లో అపార్ట్‌మెంటులో పెరిగి, అక్కడి ప్రైవేటు స్కూల్లో చదివినమ్మాయి కంగ్టి తండాకు చట్టప్రకారం స్థానికురాలు. జోనల్ పోస్టయితే ఇంకా విచిత్రం. సంగారెడ్డి చార్మినార్ జోన్‌లో ఉంది, అదే జోన్‌లో హైదరాబాదు జిల్లా కూడా ఉంది. పాతబస్తీలో పుట్టి పెరిగినవాడు ఖేడ్‌కు స్థానికుడే. రచ్చకట్ట మీద "పట్నపోళ్లు" అని తిట్టించుకునే ఉద్యోగుల్లో చాలామంది సర్వీసు రిజిస్టరులో స్థానికులేనన్నమాట. ఈ చట్టాన్ని నేను తప్పు పట్టడం లేదు. అవకాశాలు పంచడానికి ఎక్కడో ఒక గీత గీయాలి, గీశారు. ఆ గీత ఉద్యోగాన్ని పంచగలదు. మనసు పెట్టించమని దాన్ని అడగడం దానికి మించిన పని.

ఈ ఆశను అతి స్పష్టంగా చట్టం రూపంలో పెట్టిన సందర్భం ఒకటి మన దగ్గర ఉంది. ఏజెన్సీ బడుల్లో మైదాన ప్రాంతపు టీచర్లు సరిగ్గా రావడం లేదని, గిరిజన పిల్లల చదువు కుంటుపడిందని 1986లో ఒక జీవో, ఆ తరవాత 2000 జనవరి 10న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మూడో నంబరు జీవో ఇచ్చాయి. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అన్నది దాని సారం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. గిరిజనులకు గిరిజనులే చెప్పాలన్న ఆలోచనను చాలా ఘాటుగా తోసిపుచ్చింది. ఆ తీర్పు ఘాటుతో నాకు పూర్తి ఏకీభావం లేదు. గిరిజన యువతకు ఉద్యోగాలు, పిల్లలకు తమ భాష తెలిసిన పంతులు, బడిలో తమవాళ్లను పెద్ద కుర్చీలో చూసే గౌరవం, ఇవి మూడూ గట్టి కారణాలే. వాటి మీద ఆ జీవో నిలబడి ఉంటే వాదన వేరేగా ఉండేది. గైర్హాజరు అనే కారణమే అన్నిటికంటే బలహీనమైనది.

బలహీనమని ఎందుకంటున్నానో చెబుతాను. 2003లో మైఖేల్ క్రెమర్, కార్తీక్ మురళీధరన్, మరికొందరు ఆర్థికవేత్తలు మన దేశంలో 20 రాష్ట్రాల్లో 3,700 బడులకు మనుషులను పంపారు. ముందుగా చెప్పకుండా, ఒక్కో బడికి మూడేసి సార్లు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో నూటికి 25 మంది టీచర్లు ఆ సమయానికి బడిలో లేరు. మహారాష్ట్రలో 15 శాతం, జార్ఖండ్‌లో 42 శాతం. ఎవరు మానేస్తున్నారన్న లెక్క తీసినప్పుడు జీతం ఎక్కువున్నవాళ్లు, చదువు ఎక్కువున్నవాళ్లు, హెడ్‌మాస్టర్లే ఎక్కువగా గైర్హాజరయ్యారని తేలింది. మనకు కావాల్సిన సంగతి ఆ లెక్కల్లో ఇంకొకటుంది. ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన టీచర్లకూ, బయటి నుంచి వచ్చిన టీచర్లకూ గైర్హాజరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా కనబడింది వేరే చోట్ల. ఇటీవల తనిఖీ జరిగిన బడిలో, పక్కా రోడ్డుకు దగ్గరున్న బడిలో, కనీస వసతులున్న బడిలో టీచర్లు ఎక్కువగా ఉన్నారు. పదేపదే మానేసినందుకు ఒక టీచరును ఉద్యోగం నుంచి తీసేశామని చెప్పిన హెడ్‌మాస్టరు, అడిగిన దాదాపు మూడు వేల మందిలో ఒక్కరే. 2010లో మురళీధరన్ బృందం గ్రామీణ భారతంలో మళ్లీ చూసింది. గైర్హాజరు 26.3 శాతం నుంచి 23.6కు తగ్గింది. తనిఖీలు పెరిగిన ఊళ్లలోనే తగ్గుదల ఎక్కువ.

ప్రపంచవ్యాప్తంగా వచ్చిన పరిశోధనలు కూడా దాదాపు ఇటే చూపిస్తాయి. 1990లో మాథ్యూ, జాజాక్ అనే ఇద్దరు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్క కట్టారు. 2002లో మేయర్ బృందం మళ్లీ కట్టింది. వయసు, ఆడా మగా, చదువు, పెళ్లి వంటి వ్యక్తిగత లక్షణాలకు నిబద్ధతతో ఉన్న సంబంధం చాలా పలచన. పైవాళ్లు తనను పట్టించుకుంటున్నారు, తనకు అన్యాయం జరగదు అనే నమ్మకానికి ఉన్న సంబంధం అన్నిటికంటే చిక్కన. ఇవి ఎక్కువగా పాశ్చాత్య దేశాల కంపెనీల్లో చేసిన అధ్యయనాలని, ఖేడ్ మండల ఆఫీసుకు అవి సరిపోవని ఎవరైనా అనొచ్చు. నేనూ వాటి అంకెలను యథాతథంగా ఇక్కడికి తెచ్చి అతికించను. కానీ మన బడుల సర్వే, ఆ కంపెనీల లెక్కలు, ఇంత దూరం దూరంగా ఉన్నవి రెండూ ఒకే వైపు వేలు చూపిస్తున్నాయంటే దాన్ని తోసెయ్యడానికి గట్టి కారణం కావాలి.

ఇప్పుడు ఒక బలమైన అభ్యంతరం. "భాష సంగతేంటి? తండా పిల్లాడు ఇంట్లో లంబాడీ మాట్లాడతాడు, సరిహద్దు ఊళ్లలో కన్నడం, మరాఠీ, బజార్లో ఉర్దూ. ఇవేవీ రాని పంతులు ఒకటో తరగతికి ఏం చెబుతాడు?" నిజమే. ఇక్కడ నేపథ్యానికి చాలా విలువ ఉంది. అయితే అది తెలివికి సంబంధించిన విలువ, తపనకు సంబంధించినది కాదు. 1940లలో ఆదిలాబాదు గోండుల మధ్య జరిగిన పని దీన్ని తేటగా చూపిస్తుంది. ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ నిజాం ప్రభుత్వం తరఫున మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టించాడు, గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. పథకం వెనక పట్టుదల వేల మైళ్ల అవతల పుట్టినవాడిది. బడిలో పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పే శక్తి స్థానికుడిది. ఆ యువకులు గోండులు కాబట్టి నిబద్ధత దానంతటదే వస్తుందని అక్కడ వదిలెయ్యలేదు. శిక్షణ ఇచ్చారు, పుస్తకం చేతిలో పెట్టారు, జీతం ఇచ్చారు. ఖేడ్ తండాల బడులకు లంబాడీ తెలిసిన టీచర్లను ప్రత్యేకంగా వెతికి తేవాలని నేను గట్టిగా అంటాను. వాళ్లు ఎక్కువ ప్రేమగా ఉంటారని కాదు, వాళ్లు చెబితే పిల్లలకు అర్థమవుతుందని. బయటి నుంచి వచ్చిన టీచరుకు ఆర్నెల్లలో నాలుగు వందల లంబాడీ మాటలు నేర్పే ఏర్పాటు చేస్తే ఆ కొరత చాలావరకు తీరుతుంది. సెలవుల్లో ఇచ్చే రకరకాల శిక్షణల్లో దీనికి చోటెందుకు ఉండదో నాకు అంతుపట్టదు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. "సొంత ఊరివాడికి సిగ్గుంటుంది. రోజూ మొహం చూపించాల్సిన జనం కదా, తప్పు చెయ్యడానికి వెనకాడతాడు." ఈ ఊహకు కొంత ఆధారం ఉంది, కానీ షరతుతో. రిఖిల్ భవ్నాని, అలెగ్జాండర్ లీ 2018లో ప్రచురించిన అధ్యయనంలో, సొంత రాష్ట్రంలో పనిచేసే ఐఏఎస్ అధికారుల కాలంలో ఊళ్లకు ఉన్నత పాఠశాలలు ఎక్కువగా వచ్చాయి. అయితే అది అక్షరాస్యత, పత్రికల వాడకం ఎక్కువున్న జిల్లాల్లోనే, అంటే జనం అడగగలిగిన చోటే. గువో షు, మరియాన్ బెర్ట్రాండ్, రాబిన్ బర్జెస్ చేసిన ఇంకో అధ్యయనంలో, సొంత రాష్ట్రంలో ఉన్న ఐఏఎస్ అధికారులను అక్కడి వాళ్లే ఎక్కువ అవినీతిపరులుగా, రాజకీయ ఒత్తిడికి త్వరగా లొంగేవాళ్లుగా లెక్కగట్టారు. సిగ్గు పుట్టించే చుట్టరికమే పైరవీకి కూడా దారి. సొంత మండలంలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా ఉన్నవాడి ఇంటికి పొద్దున్నే చేను తగాదా పట్టుకుని వచ్చేది బాబాయే. అతణ్ని తిప్పి పంపడం పట్నం నుంచి వచ్చినవాడికి ఎంత తేలికో ఇతడికి అంత కష్టం. తమిళనాట పుట్టి ఆంధ్రప్రదేశ్ కేడర్‌కు వచ్చిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ వెట్టిచాకిరీ నిర్మూలనకు, దళితుల హాస్టళ్లకు, గిరిజనుల హక్కులకు చేసిన పని ఈ నేల మీద పుట్టినవాళ్లెందరో చెయ్యలేకపోయారు. ఇక్కడి భూస్వాములెవరితోనూ ఆయనకు చుట్టరికం లేకపోవడం అందుకు కొంత తోడ్పడి ఉండొచ్చు. అయితే ఆయన పెళ్లి చేసుకోలేదు, ఆస్తి కూడబెట్టలేదు. నిబద్ధతకు ఉదాహరణగా మనం ఎంచుకునేవాళ్లలో ఇలాంటివాళ్లే ఎక్కువగా ఉంటారు. పిల్లలున్న, అప్పులున్న మామూలు ఉద్యోగి నుంచి ఆ జీవితాన్ని అడగలేం.

అందుకే మామూలు ఉద్యోగి లెక్క చూడాలి. హైదరాబాదులో భర్త ఉద్యోగం, ఇద్దరు బడిపిల్లలు ఉన్న టీచరు ఖేడ్ మండలానికి వచ్చిందనుకోండి. ఇక్కడ కాపురం పెడితే అక్కడా ఇక్కడా రెండు ఇళ్లు నడపాలి. పెట్టకపోతే నూరు కిలోమీటర్లకు పైబడిన అప్ అండ్ డౌన్. 2021లో సవరించిన ప్రకారం ఇంటి అద్దె భత్యం హైదరాబాదులో మూల వేతనంలో 24 శాతం, ఇలాంటి చిన్న పట్టణాల్లో 11 శాతం. అద్దెలు ఇక్కడ తక్కువ కాబట్టి లెక్క సరిపోయిందని ప్రభుత్వం అనుకుంటుంది. రెండు కాపురాల మనిషికి అది సరిపోదు. సరిగ్గా ఇదే పోస్టులో ఖేడ్ అమ్మాయికి ఇల్లుంది, పిల్లలను చూసే అత్తగారున్నారు, బడి స్కూటీ మీద పదిహేను నిమిషాలు. ఇద్దరూ ఒకే పరీక్ష రాశారు, ఒకే జీతం తీసుకుంటున్నారు. ఇద్దరూ తొమ్మిదిన్నరకు బడిలో ఉన్నారనుకుందాం. ఒకామె అక్కడికి రావడానికి నాలుగింటికే లేచింది, ఇంకొకామె ఏడింటికి. అయిదేళ్లు ఇలా గడిచాక మొదటామె అలసిపోతే, వారానికో రోజు జారిపోతే, దాన్ని మనం 'పట్నపోళ్ల పొగరు' అని చదువుతాం. నేపథ్యం పనిచేసే తోవ ఇదే.

స్థానికుల వైపు కూడా ఒక ఖర్చు ఉంది, దాన్ని ఎవరూ లెక్కలో రాయరు. అంగన్‌వాడీ టీచరు ఆ ఊరి మనిషే అయి ఉండాలన్నది నిబంధన. ఆశ కార్యకర్తా అంతే. వాళ్లు అప్ అండ్ డౌన్ చెయ్యరు, ట్రాన్స్‌ఫర్ అడగరు, అర్ధరాత్రి పురుటి నొప్పులొస్తే వాళ్ల తలుపే కొడతారు. 2021 తరవాత తెలంగాణలో అంగన్‌వాడీ టీచరుకు ఇచ్చేది నెలకు 13,650 రూపాయలు, దాని పేరు కూడా జీతం కాదు, గౌరవ వేతనం. 2023 సెప్టెంబరులో వాళ్లు సమ్మెకు దిగినప్పుడు "మీ ఊరి పిల్లలే కదా" అని నచ్చజెప్పినవాళ్లున్నారు. ఊరి మీద ఉన్న మమకారాన్ని ఇలా వేతనంలోంచి కోసుకోవడం పాత అలవాటు. సేవ చేసేవాళ్లకు ఎదుగుదల ఆశ చూపిస్తే సేవాభావం పలచబడుతుందన్న భయం దీని వెనక ఉంటుంది. ఆ భయం నిలబడదు. జాంబియాలో గ్రామాల నుంచే ఆరోగ్య కార్యకర్తలను తీసుకున్నప్పుడు కొన్ని జిల్లాల్లో ప్రకటనల్లో సమాజ సేవ గురించి, మరికొన్నింట్లో ఉద్యోగంలో పైకెదగడం గురించి రాసి చూశారు. నవా అష్రాఫ్, ఓరియానా బండియేరా బృందం 2020లో ప్రచురించిన ఫలితం ప్రకారం, ఎదుగుదల ఆశతో వచ్చినవాళ్లు ఇంటింటికీ 29 శాతం ఎక్కువసార్లు వెళ్లారు. జనం మీద వాళ్ల అభిమానం తక్కువగా ఏమీ లేదు.

"ఇంత చెప్పేదేముంది, హాజరు గట్టిగా పెడితే అందరూ వస్తారు" అనేవాళ్లు ఉన్నారు. ఇప్పుడు ముఖం చూసి హాజరు వేసే యాప్‌లు వచ్చాయి కూడా. తనిఖీలతో గైర్హాజరు తగ్గుతుందని నేను చెప్పిన సర్వేలే చెబుతున్నాయి, కాబట్టి నేను వాటికి వ్యతిరేకిని కాను. కానీ అదే 2003 సర్వేలో రెండో అంకె ఒకటుంది. నూటికి 25 మంది టీచర్లు బడిలో లేరు, సరే. బడిలో ఉన్నవాళ్లను కూడా కలుపుకుని మొత్తం మీద పాఠం చెబుతూ కనిపించినవాళ్లు దాదాపు సగమే. అంటే మరో పాతిక మంది బడిలోనే ఉన్నారు, పాఠం చెప్పడం లేదు. ఫోను కెమెరా మొదటి పాతిక మందిని పట్టుకోగలదు. రెండో పాతిక మంది దగ్గర దానికి పనిలేదు, ఎందుకంటే వాళ్ల ముఖాలు అక్కడే ఉన్నాయి. ఎద్దును గానుగకు కట్టొచ్చు, చదువు చెప్పడం గానుగ కాదు.

నా దృష్టిలో ఆ రెండో పాతిక మందికి కావాల్సింది, ఇక్కడ గడిపిన కాలం లెక్కలోకి వస్తుందన్న నమ్మకం. కాగితం మీద అది ఉంది. టీచర్ల బదిలీల్లో మారుమూల స్టేషన్‌లో చేసిన సర్వీసుకు ఎక్కువ పాయింట్లు, భార్యాభర్తలు ఒకచోట ఉండేందుకు అదనపు పాయింట్లు, ఒకే చోట ఎనిమిదేళ్లు దాటితే తప్పనిసరి బదిలీ. ఖేడ్‌లో నాలుగేళ్లు కష్టపడితే సంగారెడ్డి దగ్గరికి వెళ్లొచ్చన్న లెక్క వేసుకునే చాలామంది ఇక్కడ చేరతారు. ఆ లెక్క వేసుకోవడం తప్పేమీ కాదు. తెలంగాణలో 2018లో బదిలీలు జరిగాక మళ్లీ 2023లో గానీ మొదలు కాలేదు, మొదలైనవి కోర్టుల్లో చిక్కుకుని 2024 దాకా సాగాయి. ఈ మధ్యలో 2021 డిసెంబరు 6న 317 జీవో వచ్చి, కొత్త జిల్లాలకు ఉద్యోగులను సీనియారిటీ ప్రకారం పంచింది. ఎవరిది ఏ ఊరన్నది చూడకుండా జూనియర్లను మిగిలిన ఖాళీల్లోకి నెట్టిందని వాళ్లు రోడ్డెక్కారు. స్థానికత కోసం నూరేళ్లు కొట్లాడిన నేల మీద, స్థానికతను పక్కన పెట్టి పంపకం జరిగిందన్నది వాళ్ల ఫిర్యాదు. ఆ పంపకంలో ఇష్టం లేని జిల్లాలో పడి, వెనక్కి వెళ్లే దారి ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియని టీచరును ఆ ఏళ్లలో ఎవరైనా పరీక్షించి ఉంటే, అతడి నిబద్ధత కచ్చితంగా తక్కువగానే కనబడేది. కారణాల గడిలో 'నాన్-లోకల్' అని రాసుకుని పోయేవాళ్లు.

కాబట్టి ఖేడ్ ప్రజలు అడగాల్సినవి వేరే ఉన్నాయి. బదిలీల క్యాలెండరు ఏటా ఒకే నెలలో నడవాలని, మారుమూల సర్వీసుకు ఇచ్చే పాయింట్లను మధ్యలో ఎవరూ మార్చకూడదని అడగాలి. డాక్టర్లకు, టీచర్లకు, వ్యవసాయ విస్తరణ అధికారులకు ఇక్కడే ఉండగలిగే క్వార్టర్లు కట్టాలని, రెండు కాపురాలు నడిపేవాళ్లకు అద్దె భత్యం వేరే లెక్కలో ఇవ్వాలని అడగాలి. ఉద్యోగుల పిల్లలు చదివేందుకు పనికొచ్చే బడి ఇక్కడ ఉంటే అందులో ఖేడ్ పిల్లలూ చదువుతారు. డబ్బెక్కడిదని అడిగితే, రాని టీచరుకు ఇచ్చే జీతం కూడా డబ్బేనని జవాబు. మన దేశంలో టీచర్ల గైర్హాజరు వల్ల ఏటా వృథా అవుతున్నది దాదాపు నూట యాభై కోట్ల డాలర్లని మురళీధరన్ బృందం లెక్క కట్టింది. అందులో ఖేడ్ వాటా ఎంతో జిల్లా విద్యాశాఖ కావాలనుకుంటే ఒక్క వారంలో తేల్చగలదు, హాజరు వివరాలన్నీ ఇప్పుడు వాళ్ల కంప్యూటర్లలోనే ఉన్నాయి. ఆ అంకెను క్వార్టర్లు కట్టే ఖర్చు పక్కన పెట్టి మండల సమావేశంలో చదివితే, టీచరు ఏ ఊరివాడన్న ప్రశ్న ఎజెండాలో ఎన్నో నంబరుకు జారుతుందో చూడొచ్చు.